తెలుగునాట ఆకాశదర్శనము

మన పూర్వులకు ఆకాశము కంటితో చూచునదానికంటె చెవితో వినునదిగానే ఎక్కువ పరిచితము. ఉగాదినాడు దేవాలయ మంటపమున సిద్ధాంతిగారు పంచాంగము చదువుచుండగా ఊరెల్ల కూర్చుండి వినును. ఆ క్రియకు పంచాంగ శ్రవణమనియే పేరు. పంచాంగ దర్శనమని ఎవరును అనలేదు. ఏ గ్రహము ఏ రాశిలో నున్నదో, గ్రహణము ఏనాడు పట్టునో, మోక్షకాలమెప్పుడో విన్నవానికి తెలియును. ఆ గ్రహమును వేలు పెట్టి చూపుడనినచో, చదివినవారిలోను విన్నవారిలోను చూపగలవారు కొద్దిమందియే.

అట్లని మన జనులు మింటివైపు తల యెత్తనివారని కాదు. గౌతమీ పాయలో పడవ నడుపువాడును, తెల్లవారకముందే పొలమునకు నీరు కట్టబోవు రైతును వేగుచుక్కను చూచియే వేళ తెలిసికొనుచుండిరి. కృత్తికలకు పిల్లలకోడి యనియు, వరుసగా నిలిచిన మూడు చుక్కలకు గొల్లకావడి యనియు, సప్తర్షులకు మంచపుకోళ్లనియు పేరు పెట్టినవారు శాస్త్రులు కారు. రాత్రులు ఆరుబయట గడపినవారు. ఇక శాస్త్రోక్తముగా చుక్కను చూపు సందర్భము మనకొకటియే కలదు. అది పెండ్లిలో అరుంధతీదర్శనము. లగ్నము పట్టపగలైనను పురోహితుడు చేయి చాచి చూపును. వధూవరులును కనబడినట్లే తల యూపుదురు.

దూరదర్శిని వచ్చిన పిమ్మట ఈ చూపుట యెట్లు మారినది, ఎవరు ఎవరికి చూపిరి అనునదే ఈ వ్యాసవిషయము. యానాము వారమైన మాకు ఇందు ప్రత్యేకమైన ఆసక్తి యొకటి గలదు. 1954 వరకు మన యూరు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. తెలుగునాట వేధశాలల కథ వెదకబోయిన చోటనెల్ల ఒక ఫ్రెంచివాడు ఎదురగుచుండుట మాకు వింతగా తోచినది. మన పాలనకు పీఠమైన పాండిచేరిలో ఒకడు, గుంటూరులో మరియొకడు. హైదరాబాదు వేధశాల చేసిన గొప్ప పనికి మూలమైన సంకల్పము పారిస్ నగరమున పుట్టినది. వారు వచ్చిరి, చూచిరి, లెక్కలు వ్రాసికొని పోయిరి. ఆ చూపు మన జనులకు ఎంతమేరకు దక్కినది?

మొదటివాడు లె జాంతీ. శుక్రగ్రహము సూర్యబింబము మీదుగా నల్లని చుక్కవలె దాటిపోవుట ఎనిమిదేండ్ల ఎడముతో రెండుమార్లు జరిగి, ఆపైని నూరేండ్లకు పైగా మరల జరుగదు. భూమిపై వేర్వేరు తావుల నుండి ఆ సంక్రమణమును కాలము తప్పక కొలిచినచో సూర్యుని దూరము తేలును. 1761 జూన్ 6నాటి సంక్రమణమును పాండిచేరిలో చూడవలెనని లె జాంతీ 1760లో ఫ్రాన్సు విడిచెను. ఓడ మలబారు తీరము చేరువరకు పాండిచేరి ఆంగ్లేయుల చేజిక్కినదను వార్త వినబడెను. ఓడ వెనుదిరిగెను. సంక్రమణమునాడు ఆకాశము నిర్మలముగానే యున్నది. కాని ఊగుచున్న ఓడమీద నిలిచి గడియారముతో కొలుచుట యెట్లు? తరువాతి సంక్రమణము 1769లో. అంతవరకు ఇంటికి పోక తూర్పు సముద్రములలోనే కాలము గడపి, 1768లో పాండిచేరి చేరి, కూలిన కోట శిథిలములపై వేధశాల కట్టించుకొనెను. 1769 జూన్ 4 ఉదయమున సరిగా ఆ వేళకే మబ్బు క్రమ్మెను. సంక్రమణము ముగిసిన పిదప ఎండ కాసెను. 1771లో స్వదేశము చేరినప్పుడు అతడు చనిపోయినాడనుకొని దాయాదులు ఆస్తి పంచుకొనుచుండిరట.

ఇంతటి దురదృష్టవంతుడు ఖగోళశాస్త్ర చరిత్రలో మరియొకడు లేడు. అయినను అతడు పాండిచేరిలో ఊరక కూర్చుండలేదు. అచ్చటి తమిళ గణకునివద్ద మన గ్రహగణితము నేర్చికొనెను. ఆ గణకుడు కాగితము, కలము ముట్టడు. నేలమీద గవ్వలు పేర్చుచు, నోట సూత్రములు చదువుచు గ్రహణము తేల్చును. 1765 ఆగస్టు 30నాటి చంద్రగ్రహణము ఎంతసేపుండెనో ఆ పద్ధతిని లెక్కింపగా నిజమునకు 41 సెకండ్లు తక్కువ వచ్చినదనియు, నాడు ఐరోపాలో ప్రశస్తములైన మేయరు పట్టికల ప్రకారము 68 సెకండ్లు ఎక్కువ వచ్చినదనియు లె జాంతీ వ్రాసెను. ఇట్టి గణితము తెలుగు దేశమునను కలదు. ఫ్రెంచి పాదరీలు ఇచ్చటి నుండి పారిసునకు పంపిన పట్టికలలో నరసాపురపు పట్టికలను పేరుగలవి యుండెను. 1787లో బైయీ అను పండితుడు భారతీయ జ్యోతిషముపై ప్రకటించిన గ్రంథమున వానిని చర్చించెను.

ఇందు మేము గమనించునది యిది. గవ్వల గణకునకు లెక్క యుండెను, దూరదర్శిని లేదు. ఫ్రెంచి పండితునకు దూరదర్శిని యుండెను, మబ్బు పట్టెను. ఇద్దరును ఒకరినుండి యొకరు తెలిసికొనదగినది మిక్కిలి యున్నది. లె జాంతీ తెలిసికొనెను. గణకుని చేతికి మాత్రము దూరదర్శిని అందలేదు.

తెలుగువాని చేతికి అది అందుటకు మరి డెబ్బదియేండ్లు పట్టినది. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు జమీందారీ కుటుంబమున పుట్టి, చెన్నపట్టణములో కుంఫిణీ వేధశాలాధిపతి టైలరు దొరయొద్ద ఖగోళశాస్త్రము నభ్యసించి, 1840 ప్రాంతమున తమ తోటలో సొంత వేధశాల నెలకొల్పిరి. 1856లో వారు గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని పెంచిరి. ఈయన డిప్యూటీ కలెక్టరు. లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యులు. లె జాంతీకి దక్కని శుక్రసంక్రమణము, నూరేండ్లకు పైగా గడచి 1874 డిసెంబరు 9న మరల వచ్చినప్పుడు, నరసింగరావుగారు దానిని విశాఖలో తమ దూరదర్శినితో చూచి వివరములు లండనుకు పంపిరి. ఆ సంగతి తెలుగువారిలో తెలిసినవారెందరో చెప్పనక్కరలేదు. 1892లో వారును పోయిరి. వేధశాల కొంతకాలము సాగి ఆగిపోయెను. జమీందారు తోటలోని దూరదర్శిని ఎంత గొప్పదైనను జమీందారుతో పుట్టి ఆ వంశముతో పోవునదే.

ఇప్పుడు 1868 ఆగస్టు 18నాటి సూర్యగ్రహణమును గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను. అది సంపూర్ణగ్రహణము. చంద్రుని నీడ కొంకణ తీరమున భూమినెక్కి, దక్కను దాటి, కృష్ణా మండలము మీదుగా బంగాళాఖాతములో దిగినది. ఆ నాటి ఉదయము తెలుగు దేశమున ప్రపంచప్రసిద్ధులైన ఖగోళజ్ఞులు మకాము చేసియుండిరి. మద్రాసు వేధశాలాధిపతి పోగ్సను మచిలీపట్టణమున నుండెను. ఆంగ్లేయ సేనాని టెన్నంటు బృందము గుంటూరున దిగెను. అదే గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని మేడపై ఫ్రెంచి ప్రభుత్వము పంపిన జాన్సెన్ తన యంత్రములు నిలిపెను. నైజాం రాజ్యమున వనపర్తిలో మద్రాసు వేధశాల పక్షమున చింతామణి రఘునాథాచార్యులవారు ఒక బృందమునకు నాయకులై యుండిరి.

జాన్సెన్ తెచ్చిన ముఖ్యసాధనము వర్ణపటదర్శిని. వెలుగును రంగులుగా విడదీసి చూపును. ప్రతి మూలపదార్థము కాలి వాయువైనప్పుడు తనకే ప్రత్యేకమైన గీతలను ఆ రంగులలో చూపును. మనిషికి వేలిముద్ర యెట్టిదో పదార్థమునకు ఆ గీతలట్టివి. సూర్యుడు పూర్తిగా మూసికొనిపోయినప్పుడు నల్లని బింబము చుట్టును ఎర్రని నాలుకలు కనబడునని పూర్వమే తెలియును. అవి సూర్యునివా, చంద్రునివా, నిప్పులా, మబ్బులా అనుటలో వివాదముండెను. గుంటూరున ఐదు నిమిషములకు పైగా చీకటి నిలిచినది. ఆ కొద్దిసేపులో జాన్సెన్ ఆ నాలుకలలో మెరయు గీతలను చూచి, అవి సూర్యుని చుట్టునున్న మండుచున్న జలజని వాయువని గుర్తించెను. గీతలు ఎంత ప్రకాశముగా నున్నవనగా, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునేమో అని అతనికి తోచెను. మరునాడు, ఆగస్టు 19న, ప్రొద్దు పొడిచినంతనే సూర్యుని అంచుమీదికి దర్శిని త్రిప్పి చూచెను. గీతలు కనబడెను. ఏండ్ల తరబడి గ్రహణము కొరకు కాచుకొని, సముద్రములు దాటి, మబ్బునకు భయపడుచు చూడవలసినదానిని ఇక ప్రతిదినము ఇంటనుండి చూడవచ్చును.

ఆ అక్టోబరులో ఇంగ్లండునందు లాకియరు అను పండితుడు గ్రహణము లేకయే అదే పద్ధతిని సాధించెను. ఇద్దరి సమాచారములును పారిస్ విజ్ఞాన పరిషత్తునకు అక్టోబరు 26న ఒకే సమావేశమున అందెను. ఎవరు మొదలను కలహమునకు తావీయక ఫ్రెంచి ప్రభుత్వము 1872లో ఇద్దరి ముఖములను చేర్చి పతకము ముద్రించినది. అంత పెద్దమనసు అన్ని దేశములందును అన్ని వేళలను కానరాదు.

హీలియము గుంటూరున కనుగొనబడినదని మనవారు గర్వముగా చెప్పుకొనుచుందురు. ఇందు సగమే సత్యము. నాడు గ్రహణము చూచినవారికి పసుపుపచ్చని గీత యొకటి కనబడినది. దానిని సోడియము గీత యని తలచిరి. అది సోడియము కాదు, భూమిమీద ఎవరును చూడని వేరొక పదార్థమని నిశ్చయించినది పిమ్మట లాకియరు. సూర్యునికి గ్రీకు పేరగు హీలియోసు నుండి హీలియమను పేరు వచ్చినది. 1895లో రామ్సే దానిని భూమిమీది ఖనిజములో పట్టుకొనెను. నేడు తీర్థములలో పిల్లలు దారము పట్టుకొని తిరుగు బుడగలలోని వాయువు అదియే. గుంటూరునకు దక్కవలసిన కీర్తి వేరు. గ్రహణమునకు కాచుకొనవలసిన అగత్యము తీరినది గుంటూరు మేడమీదనే, ఆగస్టు 19 ఉదయముననే. ఇది హీలియము కథకంటె చిన్నది కాదని మా యభిప్రాయము.

ఆ ఉదయమున మేడ క్రింద జనులేమి చేయుచుండిరి? గ్రహణమునాడు తెలుగుదేశమంతట ఏమి చేయుదురో అదియే: పట్టుస్నానము, విడుపుస్నానము, జపము, నిలువచేసిన పదార్థములలో దర్భలు. మేము ఆచారమును ఆక్షేపించుట లేదు. పట్టు, విడుపులకు నదిలో మునుగువాడు కూడ ఆకాశముతో ఒక సంబంధము పెట్టుకొన్నవాడే. కాని ప్రపంచములో మొట్టమొదటిసారి కనబడిన దృశ్యము మన ఊరిలో కనబడినప్పుడు మనవారు తలుపులు మూసికొని యుండుట తలచుకొన్నచో మనసు చివుక్కుమనును.

ఈ లోపమును నాడే గుర్తించినవారు రఘునాథాచార్యులవారు. మద్రాసు వేధశాలలో ప్రథమ సహాయకులై, నక్షత్రకాంతిలోని మార్పును కనుగొని పేరు గాంచిన ఈయన 1874నాటి శుక్రసంక్రమణమునకు ముందు, అది యేమియో, ఎట్లు చూడవలెనో జనులకు తెలియజెప్పుటకై దేశభాషలలో చిన్న పుస్తకము ప్రకటించిరి, ఉపన్యాసములిచ్చిరి, సిద్ధాంతులకు దూరదర్శినితో శిక్షణ నిచ్చు వేధశాల యొకటి కావలెనని కోరిరి. ఆ కోరిక వారి జీవితకాలమున తీరలేదు. వారు 1880లో గతించిరి. ఫ్రెంచి దొర పేరు పతకమెక్కినది. ఈయన పేరు మన బాలురకు పాఠ్యపుస్తకములలో సయితము దొరకదు.

రాజాస్థానమున పుట్టిన దూరదర్శిని విద్యార్థుల చేతికి వచ్చిన కథ హైదరాబాదునది. ఇంగ్లండున చదివివచ్చిన నవాబు జఫర్ జంగు అను ప్రభువు 1901లో 15 అంగుళముల దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలోని తన స్థలమున వేధశాల ప్రారంభించి, నిజాము పేర నిజామియా అని వ్యవహరించెను. 1907లో ఆయన మరణింపగా ప్రభుత్వము దానిని స్వీకరించి బేగంపేటకు మార్చెను. విశాఖ వేధశాలకు లేని అదృష్టము దీనికి పట్టినది: యజమాని పోయినను వేధశాల నిలిచినది.

దానికి దొరికిన పని మరల ఫ్రెంచివారు తలపెట్టినదే. 1887లో పారిస్ వేధశాలాధిపతి మూషే నాయకత్వమున లోకములోని ఖగోళజ్ఞులు సమావేశమై, ఆకాశమునంతను భాగములుగా పంచుకొని ఛాయాచిత్రములు తీసి, నక్షత్రముల పట్టికను తయారుచేయ నిశ్చయించిరి. దక్షిణ అమెరికాలోని శాంటియాగోకు కేటాయించిన భాగము అక్కడ సాగనందున, ఖగోళ మధ్యరేఖకు దక్షిణముగా 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ నిజామియాకు వచ్చెను. ఛాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ గార్లు వరుసగా అధిపతులై ఈ పని నడిపిరి.

పని యెట్టిదో పాఠకులు ఊహింపవలెను. ఎనిమిది అంగుళముల ఛాయాదర్శినితో గాజు పలకమీద ఆకాశపు చిన్న ముక్కను చిత్రింతురు. ఆ పలకమీద ఐదేసి మిల్లీమీటర్ల గళ్లు ముద్రింపబడి యుండును. పగటివేళ ఉద్యోగులు సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి ఒక్కొక్క చుక్క ఏ గడిలో ఎంత నిలువున, ఎంత అడ్డమున నున్నదో కొలిచి వ్రాయుదురు. ఒకటి కాదు, పది కాదు. ఏడున్నర లక్షలకు పైబడిన చుక్కలు. 1917 మొదలు 1946 వరకు పన్నెండు సంపుటములు వెలువడినవి. అన్ని చుక్కలలో ఒక్కదానికైనను కొలిచినవాని పేరు లేదు. ఇదంతయు వ్యర్థమైనదని చాలకాలము విజ్ఞులే అనుకొనిరి. అయితే హిప్పార్కసు ఉపగ్రహము నక్షత్రస్థానములను కొలిచిన తరువాత, ఆ చుక్కలు ఎంత వేగమున ఎటు కదలుచున్నవో తేల్చుటకు పాత కొలతలు అవసరమైనవి. 2000 సంవత్సరమున వెలువడిన టైకో-2 పట్టికలో ఇరువదియైదు లక్షల నక్షత్రముల చలనమును లెక్కించుటకు ఈ పాత పలకల కొలతలను వాడుకొనిరి. బేగంపేట గుమాస్తాల శ్రమ ఆ విధముగా దశాబ్దములు దాటి పనికివచ్చినది.

వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అప్పగింపబడినది. మా దృష్టిలో మన కథకు ఇది నడిమి ఘట్టము. దొరతనపు ఆస్తి విద్యార్థి చేరదగిన వస్తువైనది. దీని ఫలితమునకు ఒక్క ఉదాహరణము చాలును. ఆ వేధశాల ఉద్యోగి యొకరి కుమారుడు చిన్ననాటి నుండి తండ్రివెంట అచ్చటికి పోవుచు ఆకాశమునకు అలవాటుపడెను. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, హార్వర్డునకు పోయి, 1949లో తోకచుక్క నొకదానిని కనుగొని, పిమ్మట భారత ఖగోళశాస్త్రమునకు పెద్దదిక్కయిన వైను బాప్పు అతడే. తండ్రి కొలువు వేధశాలలో గాక మరియొక కచేరీలో నైనచో ఆ బాలుడు ఏమయ్యెడివాడో!

ఉస్మానియాలో ఖగోళశాస్త్ర శాఖ 1959లో ఏర్పడినది. నగరదీపముల కాంతి బేగంపేటను క్రమ్ముకొనగా, రంగాపురము, జపాలు అను పల్లెల నడుమ 48 అంగుళముల దర్పణదూరదర్శినిని 1968లో నిలిపిరి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ సరిగా ఆ వేధశాల మీదుగానే పోయినది. నూట పండ్రెండేండ్ల క్రితము గుంటూరులో పరదేశి మేడ. ఈమారు తెలుగునేలమీది విశ్వవిద్యాలయపు సొంత వేధశాల. దేశవిదేశముల పండితులు అతిథులై వచ్చిరి. చూపించువాడు మనవాడైనాడు. మరి చూచువాడు? ఆ మధ్యాహ్నము నగరములలో వీధులు నిర్జనములై, జనులు తలుపులు మూసికొని ఇండ్లలో కూర్చుండిరి. కన్ను పోవునను భయము కొంత న్యాయమైనదే. తగిన అద్దము లేక సూర్యుని చూడరాదు. కాని సంపూర్ణముగా మూసికొన్న ఆ రెండు మూడు నిమిషములు కంటికి ఏ ప్రమాదమును లేదని వారికి ఇంటింటికి పోయి చెప్పినవారు లేకపోయిరి. విశ్వవిద్యాలయమునకు దూరదర్శిని వచ్చినంత మాత్రమున ఊరికి చూపు రాదు.

ఆ వెలితిని తీర్చుటకు పుట్టినదే నక్షత్రశాల. జర్మనీలో జెయిస్ కర్మాగారమువారు బావర్స్‌ఫెల్డ్ అను ఇంజనీరు పథకము ననుసరించి 1923లో మొదటి యంత్రమును తయారుచేసిరి. భావము మిక్కిలి సులభము. పూర్వము ఆకాశమును చూపుటకు పెద్ద గోళమును చేసి, దానికి రంధ్రములు పెట్టి త్రిప్పెడివారు. బావర్స్‌ఫెల్డ్ గోళమును కదలనీయక, తెల్లని అర్ధగోళపు కప్పు క్రింద నడుమ దీపము నుంచి, దానిచుట్టును రంధ్రముల పలకలు, కటకములు అమర్చి, నాలుగున్నరవేల చుక్కలను కప్పుమీద పడవేసెను. యంత్రము తిరిగినచో ఆకాశము తిరుగును. సంవత్సరమును నిమిషములలో గడపవచ్చును. మన దేశమున 1962లో కలకత్తాలో బిర్లా నక్షత్రశాల తెరువబడినది. 1985 సెప్టెంబరు 8న హైదరాబాదు నౌబత్ పహాడుపై బిర్లా నక్షత్రశాలను నాటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావుగారు ప్రారంభించిరి. అచ్చట తెలుగులో ప్రదర్శనములు జరుగుచున్నవి. తిరుపతి విజ్ఞానకేంద్రమునను నక్షత్రశాల గలదు.

చల్లని గదిలో కుర్చీని వెనుకకు వాల్చి చూచు బొమ్మ ఆకాశము నిజమైన ఆకాశమగునా యని ఆక్షేపించువారున్నారు. కాదు, కాని అందులో మబ్బు పట్టదు. లె జాంతీ పదునొకండేండ్లు తిరిగి చూడలేని శుక్రసంక్రమణమును రుసుమిచ్చిన బాలుడు చూడగలడు. అంతకంటె ముఖ్యమైనది, దీపములార్పిన తరువాత చీకటిలో వినబడు మాట. పంచాంగ శ్రవణమున వినుట యుండెను, చూచుట లేదు. వేధశాలలో చూచుట యుండెను, చెప్పువారి భాష మనది కాదు. తెలుగు వ్యాఖ్యానముతో జరుగు ప్రదర్శనములో మొదటిసారిగా ఈ రెండును కలిసినవి. ఆ వ్యాఖ్యాత గ్రీకు పేర్లను చెప్పి ఊరకుండక, 'అదిగో పిల్లలకోడి' అనినచో పల్లెనుండి వచ్చిన అవ్వ కూడ మనుమనికంటె ముందుగా గుర్తుపట్టును. ఆ పేర్లు నిఘంటువులలో మాత్రమే మిగులుచున్న కాలమిది గనుక ఈ మాట వ్రాయుచున్నాము.

నిజామియా సంగతి చెప్పి ముగింతుము. బేగంపేట వేధశాల పని ఆగి చాలకాలమైనది. ఆ ఆవరణలో నేడు ఆర్థిక, సామాజిక విషయములను పరిశోధించు సంస్థ యొకటి గలదు. దాని చిరునామాలో మాత్రము 'నిజామియా అబ్జర్వేటరీ' అను మాట నిలిచియున్నది. ఉత్తరములు తెచ్చు తపాలావాడు ప్రతిదినము ఆ పేరు చదువును.

యానాము నుండి హైదరాబాదు నక్షత్రశాలకు ఒక రాత్రి ప్రయాణము. పుదుచ్చేరికి అంతకంటె దూరము. ప్రతి బాలుని పంపుట అలవికాదు. కాని మన యూరికి ఆకాశము కొరత లేదు. యానాము అక్షాంశము 16 డిగ్రీల 44 నిమిషములు. కావున ధ్రువుడు ఉత్తరదిక్కున నేలకు అంత యెత్తుననే, చాచిన చేతి పిడికిళ్లు రెంటికి కొంచెము తక్కువగా, ఎల్లప్పుడు నిలిచియుండును. ఐరోపావారిలో పెక్కుమంది జన్మలో చూడని అగస్త్యుడు మనకు మాఘ ఫాల్గుణములందు సాయంవేళ దక్షిణమున వెలుగును. వైశాఖమున గోదావరి గట్టుమీద నిలిచి దక్షిణమునకు చూచినచో త్రిశంకువు నీటికి కొంచెము పైగా కనబడును. 2028 డిసెంబరు 31 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము యానామున ఆసాంతము కనబడును. రాత్రి తొమ్మిదిన్నర దాటిన పిదప చంద్రుడు పూర్తిగా నీడలో మునిగి, పదకొండు గంటల వరకు రాగిరంగున నుండును. దానిని చూచుటకు దూరదర్శిని అక్కరలేదు, అద్దము అక్కరలేదు. ఏటిగట్టున దీపములను ఆ గంటసేపు ఆర్పించుటకు పురపాలకులను ఇప్పటినుండియే అడుగవలసి యుండును.